గబ్బిలం సోనార్‌కు రెండో చెవి ఏది?

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవానికి, మళ్లీ ఇంజినీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టుల వేళకి విశాఖ కాలేజీల్లో ఏదో ఒక బల్ల మీద తప్పకుండా కనిపించే సోనార్ పరికరం, అంటే ధ్వని పంపి ప్రతిధ్వనితో వస్తువును కనిపెట్టేది, ఒకటుంది. ఆర్డునో అనే చిన్న కంప్యూటరు బోర్డు, దానికి తగిలించిన హెచ్‌సీ-ఎస్ఆర్04 అనే అల్ట్రాసోనిక్ (మన చెవికి అందనంత హెచ్చు స్థాయి ధ్వని వాడే) మాడ్యూలు, దాన్ని అటూ ఇటూ తిప్పే సర్వో మోటారు, వెనక చార్టు మీద గబ్బిలం బొమ్మ, దాని పక్కన డాల్ఫిన్ బొమ్మ. చెయ్యి అడ్డం పెడితే తెర మీద దూరం పడుతుంది. పిల్లల ఉత్సాహానికి వంక పెట్టలేం. కానీ ఆ పరికరంలో గబ్బిలం నుంచి తీసుకున్నది ఒక్కటే: ధ్వని పంపి, ప్రతిధ్వని వచ్చేదాకా ఆగడం. గబ్బిలం అసలు పనితనం ఆ తర్వాత మొదలవుతుంది. ఆ ప్రతిధ్వని ఏ దిక్కు నుంచి వచ్చిందో అది చెప్పగలదు. ఈ పరికరం చెప్పలేదు. తూర్పు నౌకాదళ కేంద్రం, 1969లో మొదలైన నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్, ఇంత పెద్ద ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊళ్లో చదువుకునే పిల్లలు ఈ తేడా తెలుసుకుని, దిక్కు చెప్పే పరికరాన్ని తమ చేతులతో కట్టాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాం. కట్టే పద్ధతి, ఎక్కడెక్కడ చెడుతుందో కూడా రాస్తున్నాం. కాస్త పొడుగైంది, మన్నించి పూర్తిగా వేయమని మనవి.

డాబాగార్డెన్స్ దుకాణాల్లో వంద రూపాయలకు అటూఇటూగా దొరికే ఆ మాడ్యూలును ఒకసారి దగ్గరగా చూడండి. ముందు వైపు రెండు గుండ్రని డబ్బాలు ఉంటాయి, ఒక్కోటి 16 మిల్లీమీటర్ల వెడల్పు. చూసినవాళ్లందరూ వాటిని రెండు కళ్లో, రెండు చెవులో అనుకుంటారు. నిజానికి ఒకటి నోరు, రెండోది చెవి. నోరు 40 కిలోహెర్ట్జ్‌లో ఎనిమిది అలలు పంపుతుంది. చెవి దగ్గర తిరిగొచ్చిన అల ఒక మట్టం దాటగానే మాడ్యూలు కాలం లెక్క ఆపేస్తుంది. మన చేతికి వచ్చేది ఆ కాలం ఒక్కటే. అల ఆకారం, దాని బలం, అందులోని స్థాయులు (ఫ్రీక్వెన్సీలు) అన్నీ మాడ్యూలు లోపలే పోతాయి. దాని చూపు ముందుకు దాదాపు 30 డిగ్రీల వెడల్పున పరుచుకుంటుంది కాబట్టి, మీటరు దూరంలో నిలబెట్టిన 75 మిల్లీమీటర్ల పీవీసీ పైపు సర్వో తిరిగేటప్పుడు అర మీటరు గోడలా కనిపిస్తుంది. తెర మీద పచ్చటి రాడార్ బొమ్మ ఎంత అందంగా గీసినా ఈ వెడల్పు తగ్గదు.

దూరానికి ఒక చెవి చాలు. దిక్కుకు రెండు కావాలి, ఆ రెంటి మధ్య ఒక తల కావాలి. ఈ మాటకు అన్నిటికంటే స్పష్టమైన సాక్ష్యం గుడ్లగూబ. తెల్ల ముఖం ఉండే గుడ్లగూబ కటిక చీకట్లో ఎలుక చేసే అలికిడిని బట్టే దాన్ని పట్టుకోగలదని 1960ల్లో రోజర్ పేన్ చూపించారు. అది శబ్దం పంపదు, వింటుంది అంతే. ఒక చెవికి శబ్దం రెండో చెవి కంటే ముందు చేరుతుంది. దాని తలకు ఆ తేడా ఎక్కువలో ఎక్కువ 200 మైక్రోసెకన్లకు అటూఇటూ. ఇంత చిన్న తేడాను మెదడు ఎలా కొలుస్తుందన్న దానికి లాయిడ్ జెఫ్రెస్ 1948లో ఒక నమూనా ప్రతిపాదించారు: రెండు చెవుల నుంచి వచ్చే సంకేతాలు వేర్వేరు పొడవుల నరాల గుండా ఎదురెదురుగా వస్తాయి, రెండూ ఒకేసారి కలిసిన చోట ఉన్న నాడీకణం మోగుతుంది, ఏ కణం మోగిందన్నదే దిక్కు. గుడ్లగూబ మెదడులో అలాంటి అమరిక ఉందని కేథరిన్ కార్, మసకాజు కోనిషి చూపించారు. క్షీరదాల్లోనూ ఇలాగే ఉందా అన్నది ఇంకా వాదన నడుస్తున్న విషయం. మనకు కావలసింది ఏమిటంటే, కంప్యూటర్లో క్రాస్ కోరిలేషన్ అని మనం చేసే లెక్క సరిగ్గా ఇదే పని. ఎడమ రికార్డును కుడి రికార్డు మీద కొంచెం కొంచెంగా జరుపుతూ, ఎక్కడ బాగా అతికిందో చూస్తాం; లెక్క గీతలో ఆ చోటే శిఖరం.

అందుకే గుడ్లగూబతోనే మొదలుపెట్టమంటాం. ముందు వినడం రావాలి, పలకడం తర్వాత.

కావలసినవి రెండు అనలాగ్ మెమ్స్ మైకులు (చిప్ మీద ఉండే చిన్న మైకులు), అల్ట్రాసౌండ్ దాకా వినగలిగే రకం. వాటిని ఒక చెక్క మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల ఎడంలో బిగించండి. విశాఖలో 30 డిగ్రీల వేడిలో గాలిలో ధ్వని వేగం సెకనుకు 349.5 మీటర్లు, అంటే ఎదురుగా ఉన్న శబ్దం ఒక డిగ్రీ పక్కకు జరిగితే రెండు మైకుల మధ్య తేడా 5 మైక్రోసెకన్లు మారుతుంది. ఈ 5 మైక్రోసెకన్లు పట్టుకోగల బోర్డు కావాలి. ఆర్డునో యూనో ఇక్కడ పనికిరాదు. మైకు వోల్టేజీని అంకెగా మార్చే కొలత యంత్రం (ఏడీసీ) దానికి ఒకటే ఉంది. ఎడమ మైకును చదివాక కుడి మైకును చదవడానికి మామూలు ఆదేశంతో 110 మైక్రోసెకన్లు పడుతుంది. ఆ ఆలస్యం ఒక్కటే 22 డిగ్రీల తప్పు తెస్తుంది. పైగా సెకనుకు పది వేల కొలతలైనా రావు. బ్లూ పిల్ అని అమ్మే ఎస్‌టీఎం32ఎఫ్103 బోర్డులో రెండు కొలత యంత్రాలు ఉన్నాయి, రెండూ ఒకే క్షణంలో కొలిచే పద్ధతి దాని పుస్తకంలోనే ఉంది. ఒక్కో వైపు సెకనుకు 2,50,000 కొలతలు పెట్టుకుంటే మెట్టు 4 మైక్రోసెకన్లు. దాని జ్ఞాపకం 20 కిలోబైట్లే కాబట్టి ఒక్కో చెవికి 3,000 కొలతలు, అంటే 12 మిల్లీసెకన్లు దాచుకోవచ్చు. అది చాలు.

శబ్దానికి తాళంచెవుల గుత్తి ఊపండి. స్పీకర్ కంటే అదే మేలు; లోహం లోహానికి తగిలిన గలగలలో మనకు వినిపించే స్థాయులతో పాటు 20 కిలోహెర్ట్జ్ పైన కూడా బోలెడు ఉంటుంది. నేల మీద సుద్దముక్కతో 2 మీటర్ల వ్యాసార్థంలో అర్ధచంద్రం గీసి, ఎడమ 60 డిగ్రీల నుంచి కుడి 60 డిగ్రీల దాకా పది డిగ్రీలకో గుర్తు పెట్టండి. పదమూడు గుర్తులు. ఒక్కో గుర్తు దగ్గర ఇరవై సార్లు గుత్తి ఊపి, పరికరం చెప్పిన కోణం రాసుకోండి.

మొదటి రోజు దాదాపు అందరికీ ఎదురయ్యే తప్పు ఒకటే: గుత్తి ఎక్కడ ఊపినా పరికరం "సున్నా డిగ్రీలు, ఎదురుగానే" అంటుంది. ప్రోగ్రాములో తప్పుందని రాత్రంతా వెతుకుతారు. తప్పు సాధారణంగా ఛార్జర్‌లో ఉంటుంది. సెల్ ఛార్జర్లు, ఎల్‌ఈడీ బల్బుల లోపలి స్విచింగ్ సర్క్యూట్ల రొద వైర్ల ద్వారా రెండు మైకుల దారిలోకీ ఒకే క్షణంలో వస్తుంది. ఒకే క్షణంలో వచ్చింది కాబట్టి తేడా సున్నా, లెక్క ప్రకారం ఎదురుగా ఉన్నట్టే. బోర్డును బ్యాటరీ మీద నడిపి, లాప్‌టాప్ ఛార్జర్ కూడా తీసేసి, ఏ శబ్దమూ లేకుండా ఒకసారి రికార్డు చేసి చూడండి. అప్పుడు కూడా సున్నా దగ్గర శిఖరం నిలబడి ఉంటే విద్యుత్ రొద ఇంకా పోలేదని అర్థం.

రెండో తప్పు గాలి. సీలింగ్ ఫ్యాను ఆపాలి. మేడ మీద కొలిచేవాళ్లు మధ్యాహ్నం సముద్రపు గాలి వేళ వదిలేసి, గాలి పడిపోయిన పొద్దున పూట చూసుకోవాలి. మైకు ముందు 10 నానోఫారడ్ కెపాసిటర్, 3.3 కిలోఓమ్ రెసిస్టర్‌తో ఒక చిన్న వడపోత పెడితే 5 కిలోహెర్ట్జ్ లోపలి గాలి హోరు చాలావరకు తగ్గుతుంది. ఇంకా అనుమానం మిగిలితే రెండు మైకుల వైర్లు బోర్డు దగ్గర తారుమారు చేయండి. పరికరం చెప్పే కోణాలన్నీ ఎడమవి కుడికీ, కుడివి ఎడమకూ తిరగబడాలి. ఏదో ఒక స్థిరమైన తప్పు తిరగబడకుండా అలాగే ఉండిపోతే అది బోర్డుది. కోణాలతో పాటు తిరగబడితే మైకులు చెక్క మీద వంకరగా బిగిసి ఉన్నాయన్నమాట.

పట్టిక పూర్తయ్యాక ఒకటి గమనిస్తారు. ఎదురుగా ఉన్నప్పుడు డిగ్రీకి 5 మైక్రోసెకన్లు మారిన తేడా, 60 డిగ్రీల దగ్గర 2.5 మాత్రమే మారుతుంది. కాబట్టి పక్కల అంచనా చెదిరిపోతుంది. పుస్తకంలో ఉన్న 343 మీటర్ల వేగం వాడితే ఎదురుగా ఏ తప్పూ తెలియదు, 60 డిగ్రీల దగ్గర మాత్రం దాదాపు 2 డిగ్రీల తప్పు వస్తుంది. గుడ్లగూబ శబ్దం వినగానే ముందు ముఖం అటు తిప్పేది ఇందుకే. గబ్బిలం, డాల్ఫిన్ కూడా లక్ష్యాన్ని ఎదురుగా తెచ్చుకుంటాయి. సర్వో మోటారుకు అసలైన ఉద్యోగం ఇక్కడుంది: మొదటి అంచనా వేయాలి, చెక్కను అటు తిప్పాలి, తేడా సున్నాకు వచ్చేదాకా మళ్లీ కొలవాలి. ఈ ఒక్క మార్పుతో పరికరం నాణ్యత ఎంత మారుతుందో చూసి తీరాలి.

రెండు మైకులు ఒకే మట్టాన ఉంటే పైనుంచి వచ్చిన శబ్దానికీ కిందినుంచి వచ్చిన దానికీ తేడా తెలియదు. గుడ్లగూబ దీనికి వేసిన ఉపాయం అపురూపం. దాని ఎడమ చెవి రంధ్రం కాస్త పైన ఉండి కిందికి చూస్తుంది, కుడిది కాస్త కింద ఉండి పైకి చూస్తుంది. కాలంలో తేడా పక్క కోణం చెబుతుంది, గట్టిదనంలో తేడా ఎత్తు చెబుతుంది. మనం చేయవలసింది మైకుల చుట్టూ గట్టి ప్లాస్టిక్ గరాటులు పెట్టి, ఒకదాన్ని 15 డిగ్రీలు పైకీ మరొకదాన్ని 15 డిగ్రీలు కిందికీ వంచడం. మెత్తని స్పాంజితో చేస్తే అది ధ్వనిని తాగేస్తుంది, గరాటు పని చేయదు.

ఇప్పుడు గబ్బిలం. బొర్రా గుహల్లో తల పైకెత్తితే కనిపించే జీవే. అది చెవులతో చూస్తుందన్న అనుమానం 1790ల్లో స్పల్లంజానీ చేసిన ప్రయోగాలతో మొదలైంది; నోటితో పలికి ప్రతిధ్వని వింటుందని డొనాల్డ్ గ్రిఫిన్, రాబర్ట్ గాలంబోస్ కొలతలతో 1940ల తొలినాళ్లకు రుజువైంది. దాన్ని అనుకరించాలంటే 40 కిలోహెర్ట్జ్ డబ్బాలను పక్కన పెట్టేయాలి. అవి ఒకే స్థాయిలో మోగే గంటల్లాంటివి. ఒకే స్థాయిలో ఉన్న అల ప్రతి 25 మైక్రోసెకన్లకు మళ్లీ తనలాగే కనిపిస్తుంది, కాబట్టి రెండు రికార్డులను జరుపుతూ పోతే దాదాపు సమానమైన శిఖరాలు వరసగా వస్తాయి. లెక్క ఒక శిఖరం తప్పి పక్కదాన్ని పట్టుకుంటే 10 సెంటీమీటర్ల ఎడంలో 5 డిగ్రీలు తప్పుతుంది. పట్టికలో తప్పులు 5, 10, 15 అని మెట్లుమెట్లుగా కనిపిస్తే కారణం ఇదే. అది అనుభవం ఉన్న కన్ను వెంటనే గుర్తుపడుతుంది.

చాలా గబ్బిలాలు పలికేది ఒకే స్వరం కాదు. వీణ మీద జారులాగా పై స్థాయి నుంచి కింది స్థాయికి కొన్ని మిల్లీసెకన్లలో జారే కూత అది. అన్ని స్థాయుల్లోనూ ఒకేసారి అతికే చోటు ఒక్కటే ఉంటుంది కాబట్టి తప్పుడు శిఖరాలు కుంగిపోతాయి. మామూలు పీజో ట్వీటరుతో (హెచ్చు స్థాయులు పలికే చిన్న స్పీకరు) 20 నుంచి 10 కిలోహెర్ట్జ్‌కు 3 మిల్లీసెకన్లలో జారే కూత పంపండి. టైమరు నుంచి వచ్చే చదరపు అల కూడా సరిపోతుంది. చెవికి "చిక్" మని వినిపిస్తుంది, పరవాలేదు. ఈ 10 కిలోహెర్ట్జ్ వెడల్పుకు రెండు వస్తువులను దూరంలో విడదీసే శక్తి 1.75 సెంటీమీటర్లు. ఇబ్బంది ఒకటుంది: 3 మిల్లీసెకన్లు పలుకుతూ ఉంటే 52 సెంటీమీటర్ల లోపలి వస్తువుల ప్రతిధ్వని మన కూతలోనే మునిగిపోతుంది. గబ్బిలానికీ ఇదే ఇబ్బంది. అందుకే అది పురుగుకు దగ్గరవుతున్న కొద్దీ కూతను కురచ చేస్తుంది, చివర్లో ఒక మిల్లీసెకను కంటే తక్కువకు తెచ్చి సెకనుకు 150కి పైగా కూతలు వేస్తుంది. పలికే క్షణంలో తన చెవిని తానే కండరంతో బిగించుకుంటుంది కూడా. మన ప్రోగ్రాములో ఈ రెండూ పెట్టాలి: దగ్గరి వస్తువుకు కురచ కూత, పలికినంతసేపూ వినకుండా ఉండటం.

లక్ష్యంగా పుస్తకం, అట్టపెట్టె పెట్టకండి. చదునైన తలం ధ్వనికి అద్దం లాంటిది. 20 డిగ్రీలు వంగితే ప్రతిధ్వని మన వైపే రాదు, పిల్లలు సెన్సర్ పాడైందనుకుంటారు. నిలువు గాజు లాంటి నున్నని పలకలను గబ్బిలాలే ఖాళీ దారి అనుకుని గుద్దుకుంటాయని 2017లో ప్రచురితమైన ప్రయోగాలు చూపించాయి. నిలబెట్టిన పీవీసీ పైపు వాడితే ఏ పక్కనుంచైనా ఒకేలా ప్రతిధ్వని వస్తుంది.

ఇక నీళ్లు. సోనార్ అన్న మాటకు అసలు అర్థం అక్కడే ఉంది, ఎక్కువ ప్రాజెక్టులు మునిగేదీ అక్కడే.

వాటర్‌ప్రూఫ్ అని అమ్మే జేఎస్ఎన్-ఎస్ఆర్04టీ సెన్సర్‌ను బకెట్లో ముంచి అంకెలు అర్థం కావడం లేదని వచ్చే విద్యార్థులు ఎందరో. అది వానకు తట్టుకునే సెన్సర్, నీటిలో వినే సెన్సర్ కాదు. గాలిలో 25 సెంటీమీటర్ల లోపల దానికి ఏమీ కనిపించదు. ఆ గుడ్డి కాలం 1.4 మిల్లీసెకన్లు. నీటిలో ధ్వని నాలుగు రెట్లకు మించిన వేగంతో పోతుంది కాబట్టి అదే కాలానికి గుడ్డి దూరం మీటరు దాటుతుంది. బకెట్ మొత్తం ఆ గుడ్డి దూరంలోనే ఉంటుంది.

వేగం పెరగడం వల్ల వచ్చే పెద్ద నష్టం దిక్కులో. 10 సెంటీమీటర్ల ఎడంలో గాలిలో డిగ్రీకి 5 మైక్రోసెకన్లున్న తేడా సముద్రపు నీటిలో 1.13కు పడిపోతుంది. రుషికొండ దగ్గర నీళ్లలో ఉన్న డైవరుకు పైన పడవ ఇంజను వినిపిస్తుంది గానీ ఏ వైపో తెలియకపోవడానికి ఒక కారణం ఇది. రెండో కారణం ఇంకా ముఖ్యం: మన ఒళ్లు, నీళ్లు ధ్వనికి దాదాపు ఒకటే. శబ్దం పుర్రె ఎముక గుండా రెండు చెవులకీ చేరిపోతుంది, తల నీడ వేయదు.

డాల్ఫిన్ ఈ చిక్కును విప్పిన తీరే మనం కాపీ కొట్టవలసిన డిజైన్. దాని చెవి ఎముకలు పుర్రెకు అతుక్కోకుండా, చుట్టూ గాలి నురగ నిండిన గదుల మధ్య వేలాడుతుంటాయి. నీటి నుంచి గాలికి ధ్వని వెయ్యింట ఒక వంతు మాత్రమే దాటుతుంది కాబట్టి నీటి లోపల గాలి పొర కాంక్రీటు గోడకంటే గట్టి అడ్డం. మరి శబ్దం లోపలికి ఎలా వస్తుంది? కింది దవడ ఎముకలో పల్చని కిటికీ లాంటి చోటు ఉంది, దాని వెనక చెవి దాకా కొవ్వు కాలువ ఉంది. ఆ కొవ్వులో ధ్వని దాదాపు నీటిలో లాగే సాగిపోతుంది. ఈ సంగతి 1960ల్లో కెన్నెత్ నోరిస్ ప్రతిపాదించారు. కొవ్వు లోపలికి దారి, గాలి చుట్టూ గోడ. ఈ రెంటినీ అర్థం చేసుకుంటే సగం సోనార్ వచ్చినట్టే.

కొవ్వుకు బదులు మన దగ్గర ఆముదం ఉంది. ఇది తమాషా మాట కాదు. సోనార్ ట్రాన్స్‌డ్యూసర్ల (ధ్వనిని విద్యుత్తుగా, విద్యుత్తును ధ్వనిగా మార్చే భాగాల) పెట్టెల్లో ఆముదం నింపడం పాత, గట్టి ఆచారం. అందులో ధ్వని వేగం, దాని సాంద్రత నీటికి చాలా దగ్గర. చిన్న పీజో సిరామిక్ గొట్టాన్ని పల్చని రబ్బరు తొడుగులో పెట్టి, వేడి చేసి చల్లార్చిన ఆముదం నింపి మూతి కట్టండి. వేడి చేయడం ఎందుకంటే అందులోని తేమ, గాలి బుడగలు పోవాలి. ఒక్క బుడగ సిరామిక్ ముందు నిలిస్తే ఆ వైపు చెవుడు వస్తుంది. సిరామిక్ నుంచి ఆంప్లిఫయర్ దాకా వైరు 10 సెంటీమీటర్లు దాటకూడదు. పొడుగు వైరు కెపాసిటెన్సే సంకేతాన్ని తినేస్తుంది. టీఎల్072 లాంటి ఆప్ ఆంప్ (ఆంప్లిఫయర్ చిప్), 10 మెగాఓమ్ రెసిస్టర్ ఆ తొడుగు పక్కనే ఎపాక్సీలో పోత పోయాలి.

ఇలా కట్టిన రెండు హైడ్రోఫోన్ల (నీటి మైకుల) మధ్య తల కోసం చెక్క దిమ్మకు 5 మిల్లీమీటర్ల నియోప్రీన్ షీటు చుట్టండి, కణాలు మూసుకుని ఉండే రకం. నీళ్లు పీల్చుకునే స్పాంజి గంటలో నీరై పోతుంది, నీడ మాయమవుతుంది. బోర్డును ఇప్పుడు సెకనుకు పది లక్షల కొలతలకు పెంచాలి, శిఖరం చుట్టూ మూడు బిందువులకు పారాబొలా అమర్చి మైక్రోసెకనులో భాగాన్ని కూడా అంచనా వేయాలి.

ట్యాంకు సంగతి. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటర్ల లోతు ఉన్న సిమెంటు తొట్టి ఉంటే మంచిది. శబ్దం పంపేది, వినేది రెంటినీ సగం లోతులో, మీటరు ఎడంలో పెడితే నీటి పైతలం నుంచి వచ్చే ప్రతిధ్వని అసలు శబ్దం తర్వాత అర మిల్లీసెకనుకే వచ్చేస్తుంది. మీ సంకేతం అంతకంటే కురచగా ఉండాలి. డాల్ఫిన్ క్లిక్ నిడివి 50 నుంచి 80 మైక్రోసెకన్లే. కొత్తగా పట్టిన కుళాయి నీటిలో కరిగిన గాలి చిన్న బుడగలుగా హైడ్రోఫోన్లకు అంటుకుంటుంది. నీళ్లు పట్టి ఒక రోజు వదిలేయండి, దించే ముందు హైడ్రోఫోన్లను సబ్బు నీటితో తుడవండి. ఈ రెండు పనులూ చేయక వారాలు పోగొట్టుకోవడం మామూలు.

ట్యాంకు అంకెలను సముద్రానికి అంటగట్టకూడదు. డాల్ఫిన్లే ఇందుకు పాఠం చెప్పాయి. ట్యాంకుల్లో కొలిచినప్పుడు వాటి క్లిక్‌లు 30-60 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఉన్నట్టు తేలింది. 1970ల్లో విట్లో ఆవ్ హవాయిలోని కనియోహే అఖాతంలో కొలిస్తే 120 కిలోహెర్ట్జ్ దగ్గర, ఎంతో గట్టిగా ఉన్నాయి. ఆ అఖాతంలో ఒక జాతి చిన్న రొయ్యలు డెక్కను చిటుక్కున మూసి చేసే చప్పుడు నిరంతరం ఉంటుంది. ఆ రొద మధ్యే నీళ్లు నింపిన 7.62 సెంటీమీటర్ల ఉక్కు గోళాన్ని డాల్ఫిన్ 113 మీటర్ల దూరం నుంచి పసిగట్టింది. అలాంటి రొయ్యలు మన వెచ్చని తీరాల్లోనూ ఉంటాయి. రాళ్లున్న చోట హైడ్రోఫోన్ దించితే పోపు చిటపటలాడినట్టు వినిపించేది వాటి పనే, ఆంప్లిఫయర్ లోపం అనుకోకండి. అనుమానం ఉంటే అదే హైడ్రోఫోన్‌ను బకెట్ మంచినీళ్లలో పెట్టి చూడండి, చిటపట ఆగిపోతుంది.

సముద్రంలో ఇంకో చిక్కు. వేడికి ధ్వని వేగం పెరుగుతుంది, ఉప్పు తగ్గితే తగ్గుతుంది. 28 డిగ్రీల దగ్గర ఒక డిగ్రీకి సెకనుకు రెండు మీటర్లకు పైగా, వెయ్యిలో ఒక వంతు ఉప్పుకు ఒక మీటరు. వాల్తేరు తీరంలో లోతు నుంచి చల్లని నీరు పైకి వస్తుందని 1950ల్లో ఆంధ్రా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఇ.సి. లాఫాండ్ గుర్తించారు. పైన వెచ్చన, కొద్ది లోతులోనే చల్లన ఉంటే ధ్వని కిందికి వంగిపోతుంది. పక్క కోణం బాగానే ఉంటుంది, ఎత్తు కోణం అబద్ధం చెబుతుంది. అనుమతి లేకుండా ఇక్కడి సముద్రంలోకి ఏ శబ్దమూ పంపకూడదని కూడా విద్యార్థులకు గట్టిగా చెప్పాలి. ఇది నౌకాదళం ఉన్న తీరం, డాల్ఫిన్లు తిరిగే తీరం.

రెండు చెవుల సోనార్ ఓడ అడుగున ఉండే వందల సెన్సర్ల వరసకు బదులు కాదు. ఒకేసారి పది లక్ష్యాలుంటే అది తికమక పడుతుంది. కానీ 100 కిలోహెర్ట్జ్‌లో ఒక డిగ్రీ సన్నని చూపు కావాలంటే సెన్సర్ల వరస దాదాపు మీటరు పొడవుండాలి. చేత్తో ఎత్తగల చిన్న జలవాహనానికి అంత చోటు ఉండదు. అక్కడ డాల్ఫిన్ తల పరిమాణమే సరైన కొలత, మన విద్యార్థులు చేయగలిగిందీ అదే.

కాలేజీలకు మా విన్నపం రెండు ముక్కలు. ఎలక్ట్రానిక్స్ విద్యార్థితో పాటు జంతుశాస్త్రం విద్యార్థిని ఒకే జట్టులో వేయండి. చెవిడొప్ప ఆకారం ఒకరికి తెలుసు, వడపోత మరొకరికి తెలుసు. అందరూ వాడుకునే సిమెంటు తొట్టి ఒకటి ఊళ్లో ఏదో ఒక ప్రాంగణంలో కట్టించండి, జట్లకు వంతులు వేయండి.

ప్రాజెక్టులకు మార్కులు వేసేవారిని కోరేది ఒకటే. చార్టు మీద గబ్బిలం బొమ్మ పక్కన పదమూడు వరసల పట్టిక అడగండి: అసలు కోణం, పరికరం చెప్పిన కోణం, ఇరవై కొలతల్లో చెదురు. తప్పులు ఐదేసి డిగ్రీల మెట్లలో ఉంటే 40 కిలోహెర్ట్జ్ డబ్బాలు వాడారా అని, అన్నీ సున్నా దగ్గర గుంపు కూడితే ఛార్జర్ తీసి చూశారా అని, అన్నీ ఒకే పక్కకు ఒరిగితే వైర్లు మార్చి చూశారా అని అడగండి.

ఇట్లు,
ధ్వనిశాస్త్రం, ఎలక్ట్రానిక్స్ బోధించే ఉపాధ్యాయులు కొందరు,
విశాఖపట్నం